బెర్తుకు నకలు తీయలేం

ఇంటర్ ఫలితాల రోజు వెబ్‌సైట్ మొరాయించినా, తత్కాల్ వేళ టికెట్ల సైట్‌లో చక్రం తిరుగుతూనే ఉన్నా, వినిపించే సలహా ఒక్కటే: సర్వర్లు పెంచాలి. సాఫ్ట్‌వేర్ వర్గాల్లోనైతే మోనోలిత్‌ను (అంతా ఒకే ముద్దగా ఉన్న ప్రోగ్రామును) విడగొట్టి మైక్రోసర్వీసులు (విడివిడిగా నడిచే చిన్న ప్రోగ్రాములు) చేయాలన్న మాట కూడా దానికి తోడవుతుంది. పైకి ఒకేలా కనిపించే ఈ రెండు రద్దీలూ నిజానికి వేర్వేరు జాతులవి.

ఫలితం ఒకసారి వెలువడ్డాక దాదాపుగా మారదు. ఒక్కో హాల్‌టికెట్ నంబరుకు ఒక్కో పేజీని ముందే తయారుచేసి సీడీఎన్‌లో (నకళ్లను చాలా చోట్ల ఉంచి దగ్గరి నుంచే అందించే సర్వర్ల వలలో) పెడితే, లక్షల మంది ఒకే నిమిషంలో వచ్చినా డేటాబేస్ తలుపు తట్టే పనే ఉండదు. ఏసీ తత్కాల్ సంగతి అలా కాదు. ఉదయం 10 గంటలు కొట్టగానే కొద్దిపాటి బెర్తుల కోసం అందరూ ఒక్కసారిగా ఎగబడతారు. ఒకే బెర్తును ఇద్దరికి అమ్మకూడదు కాబట్టి, మిగిలిన బెర్తుల అంకెను తగ్గించే ఆ ఒక్క చోట వరుసలో నిలబడక తప్పదు. ముందువైపు మరో వంద వెబ్ సర్వర్లు చేర్చితే పెరిగేది ఆ వరుస పొడవే. రైలువారీగా డేటాను షార్డింగ్ చేస్తే, అంటే వేర్వేరు డేటాబేస్‌లకు పంచితే, ఒక రైలు రద్దీ మరో రైలును తాకదు గానీ, ఆ ఒక్క రైలు మీది ఒత్తిడి మాత్రం తగ్గదు.

కోడును ఎన్ని ముక్కలు చేశామన్నది ఈ లెక్కలో ఎక్కడా రాలేదు. నా దృష్టిలో మైక్రోసర్వీసులు ప్రధానంగా మనుషుల సమస్యకు మందు. వందల మంది ఇంజినీర్లు ఒకరి పనికి ఒకరు అడ్డుపడకుండా ఎవరి భాగాన్ని వారు విడుదల చేసుకోవడానికి అవి పనికొస్తాయి. అయితే ఒక అభ్యర్థన 30 సర్వీసులను దాటాల్సి ఉండి, ఒక్కొక్కటీ 99.9 శాతం సమయం పనిచేస్తూ, దేనికది విడిగా పాడవుతుందనుకుంటే, గొలుసు మొత్తం నిలిచేది 97 శాతమే. అంటే ఒక్క సర్వీసుకు నెలకు 43 నిమిషాలుండే అంతరాయం కాస్తా గొలుసు మొత్తానికి 21 గంటలవుతుంది.

అమెజాన్ ప్రైమ్ వీడియోలో స్ట్రీమ్‌ల నాణ్యతను పరిశీలించే బృందం 2023లో ఇలాంటి అనుభవాన్నే బయటపెట్టింది. లాంబ్డా, స్టెప్ ఫంక్షన్స్ అనే అమెజాన్ క్లౌడ్ సేవల మీద ముక్కలుగా కట్టిన వ్యవస్థ, ఆశించిన లోడ్‌లో సుమారు 5 శాతం దగ్గరే ఆగిపోయింది. వీడియో ఫ్రేములను ఎస్3 అనే అమెజాన్ నిల్వ సేవలో దాచి మళ్లీ తెచ్చుకోవడం మానేసి, పనంతా ఒకే ప్రాసెస్‌లోకి తెచ్చాక ఖర్చు 90 శాతానికి పైగా తగ్గింది. ప్రైమ్ వీడియో మొత్తం మోనోలిత్‌కు మారిపోయిందన్న ప్రచారం మాత్రం అతి. మారింది ఆ ఒక్క సాధనమే.

విడగొట్టడం అక్కరకొచ్చే సందర్భమూ ఉంది. 2019 జులై 10న భారత్-న్యూజిలాండ్ సెమీఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకేసారి 2.5 కోట్ల మందికి పైగా చూస్తుండగా ధోనీ రనౌటయ్యాడు. నిరాశతో బ్యాక్ బటన్ నొక్కినవారంతా వెళ్లి పడేది హోమ్‌పేజీ మీదే. వీడియోను మోసేది సీడీఎన్ గానీ, హోమ్‌పేజీకి కావలసిన సమాచారాన్ని అందించే ఏపీఐలు వేరు. సెకన్లలో వచ్చిపడే ఆ ఉప్పెనకు ఆటోస్కేలింగ్ (రద్దీని బట్టి సర్వర్లను దానంతటదే పెంచే ఏర్పాటు) కొత్త సర్వర్లను లేపేలోపే అంతా అయిపోతుంది. అందుకే సర్వర్లను మ్యాచ్‌కు ముందే సిద్ధంగా ఉంచుతారు. సిఫార్సుల వంటి సర్వీసులను విడిగా కట్టుకుంటే, అవసరమైతే వాటిని ఆపేసి ఆటను మాత్రం నడిపించవచ్చు.