ఉన్నపళంగా గాలేకి

ఆకస్మికత అనేది అదృష్టానికి వదిలేసే వ్యవహారం కాదు. పద్దెనిమిది నెలల అనుభవంతో చెప్తున్నాను.

సరిగ్గా పద్దెనిమిది నెలల కిందట ఒక ఆదివారం పొద్దున, వైజాగ్ ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి ఎదురుగా సైకిళ్లు ఆపి టీ తాగుతున్నాం. మా అయిదుగురిలో బ్యాంకాయన ఉన్నట్టుండి గ్లాసు కింద పెట్టి, "ఏ ప్లానూ లేకుండా, ఉన్నపళంగా, సైకిళ్ల మీద ఏదో ఒక దేశం వెళ్లి ఏదో ఒక మ్యాచ్ చూసి వచ్చేద్దామా?" అన్నాడు. అందరం లేచి నిలబడ్డాం. టీ డబ్బులు ఎవరివ్వాలన్న దగ్గర కాస్త ఆలస్యమైంది గానీ, లేకపోతే అప్పుడే బయల్దేరిపోయేవాళ్లం.

ఆ రాత్రే 'ఉన్నపళంగా' అనే వాట్సాప్ గ్రూపు పుట్టింది. మర్నాటికి నియమావళి ముసాయిదా కూడా పడింది. మొదటి నియమం: ఎవరూ ముందుగా ప్లాన్ వెయ్యకూడదు. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లోగా తెలియజేయాలి. రెండు వచ్చాయి. వాటిని పరిశీలించడానికి ఉపసంఘం వేశాం.

ఈ కాలం కుర్రాళ్లు 'బ్యాగు సర్దుకుని వెళ్లిపోయాం అంతే' అని వీడియోలు పెడుతుంటారు. నేను వాటిని జాగ్రత్తగా చూస్తాను. సైకిలు దూరం నుంచి వచ్చి కెమెరాని దాటి కొండమలుపులో మాయమవుతుంది. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ కెమెరాని అక్కడ ఎవరు పెట్టారు? అతనే పెట్టాడు. పెట్టి, వెనక్కి వెళ్లి, మళ్లీ ఉన్నపళంగా బయల్దేరాడు. తర్వాత కెమెరా కోసం మళ్లీ వెనక్కి వచ్చాడు. మేం చేస్తున్నదీ అదే, కాకపోతే నిజాయితీగా చేస్తున్నాం.

మొదట అనుకున్నది ఫ్రాన్స్. సైక్లింగ్ అంటే టూర్ డి ఫ్రాన్సే కదా. 1903లో ఒక పత్రిక తన అమ్మకాలు పెంచుకోవడానికి మొదలుపెట్టిన పోటీ అది. సైకిలు తొక్కేవాళ్లని చూడ్డానికి సైకిలు తొక్కుకుంటూ వెళ్లడంలో ఒక అందం ఉందని డాక్టరుగారు వాదించారు. తీరా ఆరా తీస్తే, రోడ్డు పక్కన గంటల తరబడి నిలబడితే ఆ బృందం ఒక్క ఊపులో కళ్లముందు నుంచి వెళ్లిపోతుందిట. జగదాంబ జంక్షన్‌లో మంత్రిగారి కాన్వాయ్ వెళ్లినప్పుడల్లా ఈ అనుభవం మనకి ఉచితంగా దొరుకుతూనే ఉంది. పైగా ఆ వీసాకి ఏ రాత్రి ఎక్కడ పడుకుంటామో కాగితం చూపించాలి, తిరిగొచ్చే తేదీ చెప్పాలి, 30,000 యూరోల వైద్య బీమా కట్టాలి. మా నియమావళి మొదటి నియమానికే ఇది విరుద్ధం. ఫ్రాన్స్‌ని తిరస్కరించాం.

అప్పుడు బ్యాంకాయన, "గాలే" అన్నాడు.

"గాలేంటి?" అన్నాం.

శ్రీలంక దక్షిణపు కొసన ఉన్న ఊరు. సముద్రం పక్కనే క్రికెట్ స్టేడియం, దాని నెత్తిన డచ్చివాళ్ల కాలపు కోట. గోడ మీదకెక్కి కూర్చుంటే టికెట్టు లేకుండా టెస్టు మ్యాచ్ కనిపిస్తుంది. 'టికెట్టు లేకుండా' అన్న మాట దగ్గరే తీర్మానం ఏకగ్రీవమైపోయింది. మిగతావి తర్వాత తెలిశాయి. మురళీధరన్ 2010లో మన ప్రజ్ఞాన్ ఓఝాని ఔట్ చేసి 800వ వికెట్ పూర్తి చేసుకున్నది, ఆ మ్యాచ్‌తోనే టెస్టులకి సెలవు చెప్పిందీ అక్కడే. 2004 సునామీ ఆ మైదానాన్ని ముంచేస్తే, 2007 డిసెంబరులో గానీ మళ్లీ టెస్టు జరగలేదు. 2015లో 176 పరుగులు చేస్తే గెలిచే మ్యాచ్‌లో, శ్రీలంక స్పిన్నర్ హెరాత్ ఏడు వికెట్లు తీయగా, మనవాళ్లు 112కి ఆలౌటయిందీ అక్కడే.

మా ఆవిడకి మాత్రం ఈ యాత్ర గమ్యం ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు. "ఇంతకీ ఎక్కడికండీ?" అంటుంది. "గాలే" అంటాను. "తెలుస్తూనే ఉంది" అంటుంది.

ఇంకో ప్రశ్న కూడా వేసింది. "పీఎం పాలెంలో మనకో స్టేడియం ఉందిగా?" ఉంది. 2005లో ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టింది అక్కడే. 2019లో రోహిత్ టెస్టుల్లో మొదటిసారి ఓపెనింగ్‌కి దిగి రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీ చేసిందీ అక్కడే. ఎమ్వీపీ కాలనీలో మా ఇంటి నుంచి ఎంత, మహా అయితే పన్నెండు కిలోమీటర్లు. "ఎప్పుడైనా సైకిలు మీద వెళ్లారా?" అంది. అది విదేశం కాదని వివరించాను. రోహిత్ మ్యాచ్‌కి మేం కారులో వెళ్లి, పార్కింగ్ దొరక్క, ఎక్కడో వదిలేసి రెండు కిలోమీటర్లు నడిచామన్న విషయం ఈ చర్చకి సంబంధం లేదు.

ఇక దూరం. వైజాగ్ నుంచి చెన్నై దాదాపు 800 కిలోమీటర్లు. అక్కణ్నుంచి నాగపట్నం ఇంకో 300. సముద్రం దాటాక జాఫ్నా నుంచి కొలంబో మీదుగా గాలేకి 500 పైమాటే. రోజుకి 80 చొప్పున తొక్కితే 20 రోజులు. ఇక్కడే మా స్టీల్‌ప్లాంటాయన ఒక లోపం పట్టాడు. గాలే పిచ్ మీద బంతి బొంగరంలా తిరుగుతుంది. 2022లో ఆస్ట్రేలియా ఆడిన టెస్టు ఒకటి మూడో రోజే ముగిసింది. అంటే దారిలో అన్నవరం ప్రసాదం దగ్గర ఒక పూట, రాజమండ్రిలో ఒక పూట, ఆత్రేయపురం పూతరేకుల కోసం పక్కకి తిరిగినందుకు ఒక పూట పోతే, మనం కోట గోడ ఎక్కేసరికి కింద పిచ్ మీద పట్టా కప్పుతుంటారు. కాబట్టి ఉన్నపళంగా బయల్దేరాల్సిన సమయాన్ని చాలా కచ్చితంగా నిర్ణయించుకోవాలి.

ఇంతకీ ఎవరు ఎంత తొక్కగలరు? గ్రూపులో అడిగాం. ఒకాయన రోజుకి 40 అన్నాడు, ఇంకొకాయన 60. డాక్టరుగారు ఎండ లేకపోతే 80 అన్నారు. బ్యాంకాయన 100 తొక్కుతాను గానీ మర్నాడు లేవగలనో లేదో చెప్పలేనన్నాడు. చదువుతుంటే ఎక్కడో విన్నట్టనిపించింది. లంకకి దాటే ముందు వానరులు సముద్రం ఒడ్డున కూర్చుని చేసిన చర్చ ఇదే కదా! గజుడు పది యోజనాలన్నాడు, గవాక్షుడు ఇరవై అన్నాడు. ఒక్కొక్కరూ పెంచుకుంటూ పోతే, జాంబవంతుడు వయసైపోయింది గానీ తొంభై అన్నాడు. అంగదుడు నూరూ దూకుతాను గానీ తిరిగి రావడం సందేహమేనన్నాడు. సైక్లింగ్ గ్రూపుల చరిత్రలో నమోదైన మొట్టమొదటి చర్చ అదే అని నా నిశ్చితాభిప్రాయం. హనుమంతుడు మాత్రం ఓ పక్కన మాట్లాడకుండా కూర్చున్నాడు. మా గ్రూపులోనూ మాట్లాడకుండా కూర్చునేవాడు ఒకడున్నాడు. అతను మెసేజిలు మ్యూట్‌లో పెట్టాడని తర్వాత తెలిసింది.

గాలి సంగతి వేరే చెప్పాలి. సైకిలు తొక్కేవాడికి కొండ శత్రువు కాదు. కొండ ఎక్కితే దిగుడుంటుంది, కైలాసగిరి దగ్గర మొదలుపెట్టిన ప్రతివాడికీ ఇది తెలుసు. ఎదురుగాలికి దిగుడుండదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి నుంచి వీస్తుంది. మనం పోవాల్సింది నైరుతికే. అంటే గాలే చేరేదాకా గాలే. పోనీ అక్టోబరు వచ్చాక వెళ్తే ఈశాన్యపు గాలి వెనకనుంచి తోస్తుందన్నాడు బ్యాంకాయన. తోస్తుంది. ఆ నెల ఎంత గట్టిగా తొయ్యగలదో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఊరికి చూపించింది. మా వీధిలో నిలబడ్డ చెట్టు లేదు ఆ రోజు. ఆ తోపుడు వద్దని తీర్మానించాం.

సముద్రం దాటడానికి నాగపట్నం నుంచి జాఫ్నా దగ్గరి కంకేసన్‌తురైకి పడవ ఉంది. 2023 అక్టోబరులో మొదలైంది. కొద్దిరోజులకే వాతావరణం బాగోలేక ఆగిపోయింది. మళ్లీ 2024 ఆగస్టులో నడిచింది. మా యాత్ర స్వభావానికి అచ్చంగా సరిపోయే పడవ. మా మామగారైతే దీన్ని పడవ కిందే లెక్కెయ్యరు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు, డెబ్భై నాలుగేళ్లు. "అల్లుడుగారూ, ఒకప్పుడు మద్రాసు ఎగ్మోర్‌లో రైలెక్కితే ఒకే టికెట్టు. ధనుష్కోడిలో స్టీమరు, తలైమన్నార్‌లో మళ్లీ రైలు, దిగితే కొలంబో. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోడి పోయింది గానీ..." అని ఆగుతారు. ఆ 'గానీ' తర్వాత ఏముందో ఎప్పుడూ చెప్పలేదు.

నిజం చెప్పాలంటే మా ఊరి చరిత్రలో ఉన్నపళంగా జరిగిన విదేశీ ప్రయాణం నేనెరిగి ఒక్కటే. 2020 అక్టోబరులో వాయుగుండం పట్టినప్పుడు బంగ్లాదేశ్ సరుకుల ఓడ ఒకటి, ఏ కమిటీనీ సంప్రదించకుండా, తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదకి వచ్చి కూర్చుంది. జనం పల్లీలు కొనుక్కుని మరీ చూశారు. ప్లాన్ లేకుండా బయల్దేరితే ఏమవుతుందో గుర్తుచేసుకోవడానికి మా గ్రూపు ఫొటోగా ఆ ఓడ బొమ్మనే పెట్టుకున్నాం.

సెలవుల దగ్గర మాకు ప్రభుత్వమే దారి చూపింది. క్యాజువల్ లీవుని సర్కారీ తెలుగులో 'ఆకస్మిక సెలవు' అంటారు. మా గ్రూపులో రాష్ట్ర ప్రభుత్వోద్యోగి ఒకడున్నాడు. అతనికి ఏడాదికి 15 ఆకస్మిక సెలవులు, వాటికి పై అధికారికి ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఆకస్మికానికి ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలన్న ఆలోచన ఎంత గొప్పదో గమనించండి. మా నియమావళి పీఠికలో దీన్ని ఎత్తిరాసుకున్నాం. ఇక తేదీ ఖరారు చేద్దామనుకునేసరికి ఆషాఢం అడ్డొచ్చింది. అది పోతే పుష్యమాసం, అది పోతే డాక్టరుగారి మరదలి పెళ్లి. ఉన్నపళంగా బయల్దేరే క్షణం వర్జ్యంలో పడకూడదని సిద్ధాంతిగారు గట్టిగా చెప్పారు.

సామాన్లు సర్దిన రోజు మా హాల్లో జరిగింది చెప్తాను. సైకిలు బరువులో ప్రతి గ్రామూ లెక్కే కదా. డాక్టరుగారు సీటు కింది ఇనప బోల్టులు తీయించి టైటానియం వేయించారు. ఆ బోల్టుల్ని రుమాల్లో కట్టి తెచ్చి, మా వంటింటి కాటా మీద పెట్టి, "చూశారా, 22 గ్రాములు మిగిలాయి" అన్నారు. అందరం వంగి చూశాం. అంతలో మా ఆవిడ వచ్చి, ఆ కాటా మీదే బోల్టుల పక్కన ఆవకాయ జాడీ పెట్టింది. ముల్లు గిర్రున తిరిగి రెండు కిలోలు దాటింది. "అక్కడ తిండి పడదు" అంది. దాని వెనక కందిపొడి, సున్నుండలు, చిన్న కుక్కరు వచ్చాయి. డాక్టరుగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అమ్మా, సున్నుండలు ఎన్ని?" అన్నారు. ఒకటి తిని బరువు తగ్గించారు.

రిహార్సల్ కూడా అయింది. అనకాపల్లి దాకా వెళ్లి రావాలి. పొద్దున అయిదింటికి బయల్దేరాలనుకున్నాం, ఆరున్నరకి అందరం చేరాం. గాజువాక దాటేసరికి ఎండ, కూర్మన్నపాలెంలో ఎదురుగాలి, లంకెలపాలెంలో ఇడ్లీ. అనకాపల్లి చేరి, అంతదూరం వెళ్లి ఉత్తచేతులతో రావడం పద్ధతి కాదని తలా అయిదు కిలోల బెల్లం కొన్నాం. బెల్లంతో సైకిలు తొక్కడం సాధ్యం కాదు కాబట్టి ట్రాలీ ఆటో మాట్లాడి అయిదు సైకిళ్లూ పడుకోబెట్టాం. తిరుగు ప్రయాణంలో గాలి వెనకనుంచి వీచింది. ఆటో చాలా బాగా వెళ్లింది.

ఇలా సన్నాహాలు ఒక కొలిక్కి వస్తుండగా గత నెల ఒక గురువారం సాయంత్రం మా మామగారు చేతిసంచీతో గుమ్మంలో నిలబడ్డారు. "అల్లుడుగారూ, గుడి బ్యాచ్‌వాళ్లు శ్రీలంక వెళ్తున్నారట. ఎవరికో మోకాళ్ల నొప్పొచ్చి సీటు ఖాళీ అయిందిట. వెళ్లొస్తాను" అన్నారు. పాస్‌పోర్టు ఉంది, వీసా ఎవరో కుర్రాడు ఫోన్లో పెట్టించాడుట. చెన్నై మీదుగా కొలంబో వెళ్లిపోయారు. మేం ఆ రోజు టైర్లలో గాలి ఎంత ఉండాలన్న విషయం మీద సమావేశంలో ఉన్నాం.

ఆదివారం మధ్యాహ్నం ఫొటో వచ్చింది. హనుమంతుడు సంజీవని కొండ తెస్తుంటే ముక్క ఒకటి రాలి పడిందని చెప్పే రూమస్సాల అనే గుట్ట గాలే పక్కనే ఉందిట. అది చూపించాక బస్సువాడు కోట దగ్గర అరగంట ఆపాడుట. మామగారు గోడ మీద కూర్చుని ఉన్నారు, పంచె ఎగిరిపోకుండా ఒక చేత్తో పట్టుకుని. కింద స్టేడియంలో తెల్లబట్టల్లో ఎవరో పిల్లలు ఆడుతున్నారు. ఫొటో కింద ఒక్క ముక్క రాశారు: 'గాలి బాగుంది.'

ఆ ఫొటోని సమావేశం మినిట్స్‌కి జతచేశాం. ఆయన ప్రయాణాన్ని మా యాత్రకి ప్రాథమిక సర్వేగా గుర్తించాలని బ్యాంకాయన ప్రతిపాదించాడు, ఆమోదించాం. డాక్టరుగారు ఫొటోని పెద్దది చేసి, పంచె ఎటు ఎగురుతోందో చాలాసేపు చూసి, ఎదురుగాలే అని తేల్చారు. తేదీ మీద చర్చ వచ్చే ఆదివారానికి వాయిదా పడింది. టీ డబ్బులు ఈసారి స్టీల్‌ప్లాంటాయన వంతు.