సవరణ: పవర్ బ్యాంక్ చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు

స్విచ్ ఆఫ్ చేస్తే పవర్ బ్యాంకును చెక్-ఇన్ బ్యాగులో వేయొచ్చని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. ఆ వెసులుబాటు బ్యాటరీ లోపలే అమర్చి ఉన్న ల్యాప్‌టాప్ లాంటి పరికరాలకే. పవర్ బ్యాంకును విడి బ్యాటరీగా లెక్కేస్తారు, కాబట్టి చేతి సామానులోనే ఉండాలి. అంతర్జాతీయ విమానయాన భద్రతా నిబంధనలు చెప్పేది ఇదే.

కారణం చిన్నది కాదు. పవర్ బ్యాంకులోని లిథియం సెల్ షార్ట్ అయితే దానంతట అదే వేడెక్కి, పక్క సెల్‌ను కూడా అంటిస్తుంది. క్యాబిన్‌లోనైతే పొగ రాగానే సిబ్బంది నీళ్లు పోసి చల్లార్చగలరు. కింద సామాన్ల అరలో ఆ అవకాశం లేదు.

పవర్ బ్యాంకులో పట్టే శక్తిని వాట్-అవర్లలో కొలుస్తారు. 100 వాట్-అవర్ల వరకు అనుమతి అక్కర్లేదు. 100 నుంచి 160 వరకు ఎయిర్‌లైన్ ఒప్పుకోవాలి, అదీ ఒక్కొక్కరికి రెండే. అంతకు మించితే ప్రయాణికుల సామానులో కుదరదు. వాట్-అవర్లు తెలియాలంటే, పవర్ బ్యాంకు మీద రాసిన ఎంఏహెచ్ (mAh) అంకెను 1000తో భాగించి, లోపలి సెల్ వోల్టేజీ అయిన 3.7తో గుణించండి: 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్-అవర్లు. యూఎస్‌బీ దగ్గర రాసిన 5 వోల్టులతో గుణిస్తే లెక్క తప్పుతుంది. అంకెలు చెరిగిపోయిన పవర్ బ్యాంకును తనిఖీలో ఆపేయొచ్చు.

గేటు దగ్గర చేతి బ్యాగును కిందికి పంపిస్తామంటే, ముందు పవర్ బ్యాంక్ బయటికి తీసుకోండి. చాలామంది మర్చిపోయేది ఇక్కడే. కొన్ని ఎయిర్‌లైన్ల షరతులు ఇంకా కఠినం, టికెట్‌తో పాటు అవీ చూసుకోండి.