పాలమూరులో పాడేవాళ్లున్నారు, పాడించేవాళ్లేరీ?

చిత్తూరులో 1925లో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్‌ని మలయాళీలు సినిమా సంగీత దర్శకుడిగా ఇప్పటికీ తలుచుకుంటారు. నా లెక్కలో ఆయన చేసిన అసలు పని సినిమాల బయట ఉంది. 1971లో మద్రాస్ యూత్ క్వయిర్ అనే గాయక బృందం పెట్టి, యువతీయువకుల్ని కూడగట్టి మన పాటల్ని బృందగానంగా పాడించారు. 1988లో లక్షద్వీప్‌లో కన్నుమూశారు. అలాంటి మనిషి ఇవాళ నాగర్‌కర్నూల్‌లో ఉంటే బతుకుదెరువుకు ఏ ఉద్యోగం చేయాలి? పాడించే పనికంటూ మన దగ్గర విడిగా పోస్టే లేదు.

తెలంగాణ రాష్ట్ర గీతం 2024 జూన్ 2న విడుదలైనప్పుడు బాణీ ఎవరు కట్టాలన్నదాని మీద గట్టిగానే కొట్లాడుకున్నాం. సర్కారు బడి పిల్లలకు దాన్ని ఎవరు నేర్పుతారన్న మాట మాత్రం ఆ గొడవలో నాకు వినపడలేదు.

బృందగానం చర్చి నుంచి వచ్చింది, నాలుగు గొంతులు నాలుగు స్వరాలు పట్టుకుంటే రాగం చెడుతుంది అంటారు కొందరు. రాగం దగ్గర జాగ్రత్త కావాలి, నిజమే. కానీ మెన్నోనైట్ అనే క్రైస్తవ మిషన్ నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండల్లో అడుగుపెట్టి వందేళ్లు దాటింది. అక్కడి క్వయిర్లు పాడేది తెలుగులోనే. అది కూడా పాలమూరు పాటే.

చర్చి దాకా కూడా పోనక్కర్లేదు. బతుకమ్మ దగ్గర ఒకామె చరణం ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు. ఆ కాస్త వ్యవధిలోనే ఆమె ఊపిరి పీల్చుకుని తర్వాతి చరణం పట్టుకుంటుంది. గొల్లసుద్దుల్లో వంత పాడేవాళ్లు లేకపోతే కథ నడవదు. కవి సుద్దాల హనుమంతు ఆ పద్ధతినే తెలంగాణ సాయుధ పోరాటానికి వాడుకున్నారు. చెక్కభజన గురువు పాట, అడుగు, చెక్కల దెబ్బ మూడూ ఒక్కటయ్యేదాకా పిల్లల్ని వదలడు. వీళ్లందరూ చేసేది పాడించే పనే.

ఆ పనిలోని నేర్పు బయటికి కనపడదు. చరణం పొడుగైతే అందరూ ఒకేచోట ఊపిరి పీలుస్తారు, పాట తెగుతుంది. తెలిసిన గురువు ముందు వరుసను ఒక మాట దగ్గర, వెనక వరుసను ఇంకో మాట దగ్గర పీల్చుకోమంటాడు. వినేవాళ్లకు పాట ఎక్కడా ఆగదు. తొమ్మిదో తరగతిలో గొంతు మారుతున్న పిల్లాడికి బడిలో ‘నువ్వు ఊరుకోరా’ అని చెప్తారు. పాడించడం తెలిసినవాడైతే వాడి కోసం కింది స్థాయిలో ఒక వరుస కడతాడు. ఆ పిల్లాడు పాట మానేయడు.

నా బాధ పాట ఒక్కదాని గురించే కాదు. మన చదువుల్లో పక్కనున్నవాడు ఎప్పుడూ పోటీదారుడే. ర్యాంకు, సీటు, టీవీలో పాటల పోటీ, అన్నీ ఒక్కడే గెలిచేవి. పక్కవాడి గొంతు విని తన గొంతు తగ్గించుకోవడం ఏ సిలబస్‌లోనూ లేదు. అమ్మానాన్న బొంబాయికో పుణెకో వలసపోతే గురుకులంలో పెరిగే పాలమూరు పిల్లకు ఆ అలవాటు ఎంత అండగా ఉంటుందో ఆలోచించండి.

ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల గురుకులాల్లో ముందుగా పాడించే గురువుల పోస్టులు మంజూరు చేయాలి. గౌరవ వేతనం కాదు, టీచర్లందరితో సమానంగా జీతం ఇవ్వాలి. డిగ్రీ అడిగి చెక్కభజన గురువుల్ని, క్వయిర్ మాస్టర్లని గేటు దగ్గరే ఆపొద్దు. పది రోజులు ఇరవై మంది పిల్లల్ని అప్పగించి, పాడించి చూపమని చెప్పి ఎంపిక చేయాలి.