ప్రేమ హార్మోన్ తక్కువైందట మా అక్కకి!

పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో ఆక్సిటోసిన్ అనే 'ప్రేమ హార్మోన్' గురించి ఓ వీడియో. కింద మా బాబాయి తీర్పు: "అమ్మాయికి ప్రేమ హార్మోన్ తక్కువైనట్టుంది. రోజూ దగ్గరికి తీసుకోండి, మందుల అవసరమే ఉండదు." ఆ కిందే వరసగా దండాల బొమ్మలు.

అక్కకి స్కిజోఫ్రీనియా, లేని గొంతులు వినపడే మానసిక జబ్బు. ఇన్నేళ్లలో "ఎలా ఉందిరా" అని ఒక్క ఫోన్ చెయ్యని మనిషికి హార్మోన్ల జ్ఞానం ఎక్కణ్ణుంచి ఊడిపడిందో! పైగా కౌగిలింతలు. పక్కన ఎవరైనా కూర్చుంటేనే బిగుసుకుపోయే రోజులుంటాయి తనకి. ఆ రోజు మీరొచ్చి కౌగిలించుకోండి బాబాయ్, చూద్దాం.

సరే, ఆక్సిటోసిన్ సంగతే మాట్లాడుకుందాం. 2005లో ఒక ప్రయోగం వచ్చింది: ముక్కులో ఆ స్ప్రే కొడితే మనుషులు ముక్కూమొహం తెలియనివాళ్లని ఎక్కువ నమ్ముతున్నారని. లోకమంతా గంతులేసింది. తర్వాత వేరేవాళ్లు మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం నిలబడలేదు. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లకీ ఇచ్చి చూశారు. కొన్ని ట్రయల్స్‌లో కాస్త మెరుగు, కొన్నింట్లో మందు లేని ఉత్త స్ప్రేకీ దానికీ తేడాయే లేదు. అదే హార్మోన్ 'మనవాళ్ల' వైపు మొగ్గు పెంచుతుందని చెప్పిన పరిశోధనలూ ఉన్నాయి. మా చుట్టాల్లో అది పుష్కలంగా ఉందని నా గట్టి నమ్మకం.

"పలకరిస్తే పలకదు, ఎంత పొగరో" అన్నది కూడా వీళ్లే. మొహంలో భావం కనపడకపోవడం, మాట తగ్గిపోవడం, నలుగురిలోకి వెళ్లాలనే అనిపించకపోవడం జబ్బు లక్షణాలు. నెగటివ్ సింప్టమ్స్ అంటారు. చెవిలో వినపడే గొంతులు మందులకి తగ్గినంతగా ఇవి తగ్గవు. ఇంకోటి, ఆడవాళ్లకి ఈ జబ్బు సాధారణంగా మగవాళ్లకన్నా కొన్నేళ్లు ఆలస్యంగా వస్తుంది, మెనోపాజ్ వయసులో కొత్త కేసులు మళ్లీ పెరుగుతాయి. ఈస్ట్రోజెన్ కొంత కాపాడుతోందేమోనని పరిశోధకులు ఎప్పట్నుంచో అంటున్నారు. ఆ వీడియో మాత్రం ఎవ్వరూ పంపరు.

అసలు హార్మోన్ గురించి నోరు విప్పాల్సిన చోట ఎవరు విప్పారు గనక! రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ లాంటి ఈ జబ్బు మందులు మెదడులోని డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటాయి. మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథి, పాలు తెప్పించే హార్మోన్ ప్రోలాక్టిన్‌ని ఇష్టమొచ్చినట్టు వదలకుండా ఆపేది ఆ డోపమైనే. దాన్ని అడ్డుకుంటే ప్రోలాక్టిన్ పెరుగుతుంది. పీరియడ్స్ ఆగిపోవచ్చు, కడుపుతో లేకపోయినా పాలు రావచ్చు, మగవాళ్లకి రొమ్ములు పెరగొచ్చు, కోరిక చచ్చిపోవచ్చు. ఇవన్నీ డాక్టర్లు చదువుకున్నవే.

అక్కకి పాలొచ్చి బట్టలు తడుస్తుంటే తను ఎవరితో చెప్పుకుంటుంది? గదిలోంచి బయటికి రావడం మానేసింది. ఎవరొచ్చినా దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకునేది. ఇంట్లో పెద్దవాళ్లు "జబ్బు ముదిరింది, మనుషుల్నే చూడట్లేదు" అన్నారు. డాక్టరుగారు ఆ మాట విని, తలెత్తి అక్కని ఒక్క ప్రశ్న అడక్కుండా, డోసు పెంచారు. ఏ మందు వల్ల ఆ పిల్ల దాక్కుందో అదే మందు, ఇంకొంచెం ఎక్కువ!

ఒక్క రక్తపరీక్షతో తేలే విషయం అది. చివరికి వేరే డాక్టరు ఆ పరీక్ష రాయించి, మందుని అరిపిప్రజోల్‌కి మార్చాక తగ్గింది. మందులు మానెయ్యమని అనడం లేదు నేను, మానేస్తే జబ్బు తిరగబెట్టడం ఇంట్లో చూసినదాన్ని. కానీ మొదటి డాక్టరుగారిని నిలదీస్తే "ఈ మందుకి అది మామూలేనమ్మా" అన్నారు, చీటీలోంచి తలెత్తకుండా. మామూలే అయితే రాసిచ్చిన రోజే మా అక్కతో ఆ ముక్క చెప్పడానికి ఏమొచ్చింది?