మందు తాగడానికి ఎన్ని సెకన్లు?

గుంటూరు బ్రాడీపేటలో, మా మేడమీది గదిలో, ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు నాతో కలిపి ఐదుగురు పెద్దమనుషులు సమావేశమై, చీకటి పడేదాకా ఒకే ప్రశ్నను చర్చిస్తూ ఉంటారు. కత్తిపోటు తిని నేలకొరగబోతున్న మనిషి తన సంచిలోంచి మందు సీసా తీసి, మూత ఊడబీకి, గొంతులో పోసుకోవడానికి ఎంతసేపు పడుతుంది? బయటివారికి ఇదంతా ఆటలాగా కనిపించవచ్చు. నిజానికి ఆటే, డన్జన్స్ అండ్ డ్రాగన్స్ దాని పేరు. కాని ఆ ఆటలో మనిషి చావుబతుకులు ఈ ఒక్క ప్రశ్న మీదే వేలాడుతున్నాయి కనుక, మేము దీనిని తేలికగా వదిలిపెట్టదలచుకోలేదు.

ఈ చర్చ వల్ల నాకు కలిగిన మొదటి నష్టం పరువు నష్టం. పోషన్ అనే మాటకు తెలుగులో మందు తప్ప వేరే మాట నోటికి రాదు. మెట్లమీదుగా కిందికి వినిపించేవి "నువ్వు తాగుతావా, పక్కవాడికి పోస్తావా?" "ఇప్పటికే రెండు సీసాలయ్యాయి, ఇక చాలించరా" వంటి వాక్యాలే. కింది వాటాలో అద్దెకుంటున్న మాస్టారు నాలుగు వారాలు ఓపికపట్టి, ఐదో వారం మా అమ్మతో "మీ అబ్బాయి మంచివాడేనమ్మా, ఆ స్నేహాలే..." అని మధ్యలో ఆపేశారట. అప్పటినుంచి మందు అనకుండా సీసా అని మాత్రమే అనాలన్నది మా ఇంటి మొదటి నియమమైంది. దీనివల్ల మాస్టారి అనుమానం తగ్గిన దాఖలాలు లేవు గాని, నియమం నియమమే.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు వెలుగులోకి తెచ్చిన ఆట ఇది. ఒకరు డీఎంగా, అంటే డన్జన్ మాస్టరుగా కూర్చుని కథ నడిపిస్తారు (ఆ భారం నాది), మిగిలినవారు తలా ఒక పాత్ర ధరిస్తారు, ఎటూ తేలనివాటిని పాచికలు తేలుస్తాయి. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ ప్రకారం యుద్ధం ఆరేసి సెకన్ల రౌండ్లుగా సాగుతుంది. ఒక్కో రౌండులో మనిషికి ఒక యాక్షన్ దక్కుతుంది. దానితో కత్తితో కొట్టవచ్చు, మంత్రం వేయవచ్చు, లేదా సీసా తాగవచ్చు. మామూలు హీలింగ్ పోషన్ తాగినవాడు నాలుగు ముఖాల పాచికలు రెండు వేసి, వచ్చినదానికి రెండు కలుపుకుంటే, అన్ని హిట్ పాయింట్లు, అంటే అంత ప్రాణం, అతనికి తిరిగి వస్తాయి. సగటున ఏడు. ఎదురుగా నిలబడిన ఓగర్ అనే రాక్షసుడి దుడ్డుకర్ర దెబ్బ సగటున పదమూడు. మా బృందంలో క్లెరిక్, అంటే పూజారి పాత్ర ధరించే ఆడిటరు గారు మొదటి ఆటలోనే దీనిని కాగితం మీద రెండు నిలువు గళ్లలో రాసి, "జమ ఏడు, ఖర్చు పదమూడు, రౌండుకు ఆరు నికర నష్టం, ఇలాంటి సంస్థను నడపడం కంటే మూసేయడం మేలు" అని తేల్చేశారు. ఓగర్ గురి తప్పే అవకాశాన్ని ఆయన లెక్కలోకి తీసుకోలేదు. ఆడిటర్లు ఆశను ఆస్తుల పద్దులో చూపించరు.

ఈ బాధ మా ఒక్కరిదే కాదు. సీసా తాగడానికి పూర్తి యాక్షన్ ఎందుకు, చిన్న పనులకు వాడే బోనస్ యాక్షన్ చాలదా అని ప్రపంచమంతటా ఇళ్లలో ఎవరికి వారు నియమాలు రాసుకున్నారు. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 అనే వీడియో గేమ్ అదే పద్ధతి పాటించింది. చివరికి 2024లో ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అనే నియమాల పుస్తకం కొత్తది వచ్చి, తాగినా పక్కవాడికి తాగించినా బోనస్ యాక్షనే అని ముద్ర వేసింది. ముందు అందరూ అక్రమంగా కట్టేసుకోవడం, తరువాత ప్రభుత్వం వారు వచ్చి క్రమబద్ధీకరించడం మనకు కొత్త విషయం కాదు కనుక, ఈ పరిణామం మా వీధిలో ఎవరినీ ఆశ్చర్యపరచలేదు. అయితే ఆ వీడియో గేమ్‌లో సీసాను విసిరి పగలగొట్టినా దగ్గర నిలబడినవారి గాయాలు మానతాయి. దీనిని మాత్రం మేము ఏకగ్రీవంగా తిరస్కరించాము. కృష్ణకు ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా మనిషి మీదికి సీసా విసరడాన్ని వైద్యంగా ఎవరూ పరిగణించరు. బెజవాడలో సోడా సీసాలకు వేరే చరిత్ర ఉంది.

బెజవాడ అంటే గుర్తుకు వచ్చింది. సత్యనారాయణపురంలో మాకు తెలిసిన ఒక బృందం మధ్యేమార్గం పాటిస్తోంది. తీరికగా పూర్తి యాక్షన్ పెట్టి తాగినవాడికి పాచికలు వేయకుండానే గరిష్ఠంగా పది పాయింట్లు ఇస్తారు; బోనస్ యాక్షన్‌తో గబగబా తాగినవాడు మాత్రం పాచికలు వేసుకోవాలి. నియమం తెలివైనదే. నిజం చెప్పాలంటే మా నియమాలన్నింటికంటే తెలివైనది. అందుకే దానిని మేము అంగీకరించే ప్రశ్నే లేదు.

పుస్తకాలు ఎన్ని చెప్పినా, ప్రత్యక్ష ప్రమాణం ముందు నిలవవని మా వాదన. అందుకని ఒక ఆదివారం ప్రయోగం పెట్టుకున్నాము. ఫైటర్ పాత్రధారి అయిన మా బావమరిది కవచానికి బదులు బైకు హెల్మెట్ పెట్టుకుని, కుడిచేత చీపురుకట్ట పట్టుకుని, భుజాన పిల్లల బడిసంచి తగిలించుకుని, దానిలో గోలీసోడా ఒకటి పెట్టుకుని హాలు మధ్యలో నిలబడ్డాడు. ఫోనులో గడియారం మొదలైంది. సంచి జిప్పు మధ్యలో ఇరుక్కోవడంతో తొలి ఆరు సెకన్లు గడిచాయి. చీపురు కింద పడేయకుండా గోలీ నొక్కడం సాధ్యం కాదని తేలేసరికి రెండో రౌండు గడిచింది. గోలీ కిందికి జారగానే సోడా చీదింది. సీసా ఎత్తితే హెల్మెట్ అద్దం అడ్డువచ్చింది. అద్దం పైకి తీస్తే గోలీ తిరిగి వచ్చి మూతికి అడ్డం పడింది. మొత్తం 23 సెకన్లు. ఈలోగా ఓగర్ నాలుగు దెబ్బలు కొట్టి ఉంటాడని, సగటున 52 పాయింట్లు పోయి ఉంటాయని, అంటే తేన్పు రాకముందే బావమరిది మరణించాడని ఆడిటరు గారు ధ్రువీకరించారు. అతను మాత్రం "సోడా బావుంది, ఇంకొకటి ఉందా బావా?" అని అడిగాడు.

స్పృహ తప్పినవాడికి పక్కవాడు మందు పోయడం గురించి ప్రయోగం అవసరం లేకపోయింది. కొత్త పుస్తకం దానికి కూడా బోనస్ యాక్షన్ చాలునంటోంది. రాసినవారి ఇళ్లలో పసిపిల్లకు ఆముదం పట్టించిన అమ్మమ్మ లేదని దీనినిబట్టి తెలుస్తోంది. కాళ్లు చాపి కూర్చుని, పిల్లను వాటి మీద పడుకోబెట్టుకుని, చేతులు ఒకరు పట్టుకుంటే, ముక్కు ఒకరు నొక్కితే, ఉగ్గుగిన్నెలో సగం లోపలికీ సగం చీర మీదికీ పోతుంది. ఆ పిల్ల బరువు ఏడు కిలోలు. కవచంతో సహా నూటపాతిక కిలోలుండే ఫైటరుకు ఎంతమంది కావాలో పాఠకులే ఊహించుకోవచ్చు.

తరువాతి వివాదం మా జూనియర్ వకీలు తెచ్చింది. ఆయనది రోగ్, అంటే దొంగ పాత్ర. ఎవరైనా సీసా ఎత్తితే బాణం వేస్తానని కాచుకుని కూర్చున్న ఒక గోబ్లిన్ అనే పొట్టి రాక్షసి, ఈయన గుటక వేసిన మరుక్షణం బాణం వదిలింది. మందు గొంతులో ఉంది, కడుపులోకి దిగలేదు. పనిచేసినట్టా, చేయనట్టా? వకీలు గారు లేచి నిలబడి రాహువు ఉదంతాన్ని పూర్వప్రమాణంగా ఉదహరించారు. దేవతల పంక్తిలో దొంగగా కూర్చున్న రాహువు గొంతులోకి అమృతం దిగుతుండగానే విష్ణుచక్రం మెడ నరికింది. అయినా తల చావలేదు, ఈనాటికీ గ్రహణాల రూపంలో అది విధి నిర్వహణలో ఉంది. కనుక మందు ఎంతవరకు దిగితే అంతవరకు పనిచేస్తుందన్నది సృష్ట్యాదినుంచి స్థిరపడిన న్యాయం. నేను అరగంట ఆలోచించి, రోగ్ తలకు మాత్రం పూర్తి ఆరోగ్యం చేకూరిందని తీర్పు చెప్పాను. మెడ కింది భాగం విషయంలో అప్పీలు పెండింగులో ఉంది.

రెండు మందులు కలిపి తాగితే ఏమవుతుందన్నదానికి 1979 నాటి డన్జన్ మాస్టర్ గ్రంథంలోనే ఒక పట్టిక ఉంది. 2014 నాటి గ్రంథంలోనూ, ఇష్టమైతే వాడుకోండని, అలాంటిదే ఇచ్చారు. నూటికి ఒక పాలు సీసా పేలిపోతుంది. ఒక పాలు మందు గుణం శాశ్వతంగా ఒంట్లో నిలిచిపోతుంది. యాభై ఐదు పాళ్లు రెండు మందులూ మామూలుగానే పనిచేస్తాయి. మేము ఈ పట్టిక మీద పాచిక వేయబోతుండగా పకోడీల పళ్లెంతో మెట్లెక్కి వచ్చిన మా అమ్మ ఆగి, "రెండు మందులు ఒకేసారి వేసుకుంటార్రా ఎక్కడైనా? అరగంట ఎడం ఉండొద్దూ? అసలు అన్నానికి ముందా, తరవాతా?" అని అడిగింది. యాభై ఏళ్లుగా ఇన్ని ఎడిషన్లు రాసిన మహానుభావులకు తట్టని ప్రశ్న ఇది. పథ్యం లేని మందు మన దేశంలో ఉందా? ఆ సాయంత్రమే నియమం చేశాము: సీసాకూ సీసాకూ అరగంట ఎడం, తాగిన రోజు వంకాయ, గోంగూర, చేప నిషిద్ధం, ఉల్లంఘిస్తే గుణం సగం. ఆ మరుసటి వారం రాజుగారి విందులో చేపల పులుసు వడ్డిస్తే, మెడికల్ షాపు నడిపే మా మిత్రుడి విజార్డు, అంటే మాంత్రికుడి పాత్ర, ముందు జాగ్రత్తగా మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నాడు. ఆ రాజ్యంలో మజ్జిగ దొరుకుతుందని అప్పటిదాకా నాకూ తెలియదు.

మందును నాలుక మీద చుక్క వేసుకుని గుర్తుపట్టవచ్చని పుస్తకం అంటుంది. మిరప యార్డు గాలి పీల్చి పెరిగిన నాలుకలకు ఈ వసతి ఇవ్వలేదు.

ఇన్ని నియమాలు రాసిన తరువాత నాకు ఒక సంగతి బోధపడింది. రెండేళ్ల ఆటలో మా వాళ్లు తాగిన సీసాలు మూడు. సంచుల్లో మిగిలినవి ఇరవై తొమ్మిది. ఎన్ని సెకన్లు పడుతుందన్న ప్రశ్నకు ప్రాణం ఎక్కడుంది, తాగేవాడంటూ లేనప్పుడు? పుస్తకం ప్రకారం ఒక సీసా ధర 50 బంగారు నాణేలు. అదే పుస్తకంలో మామూలు కూలికి రోజుకు రెండు వెండి నాణేలు. పది వెండి నాణేలు ఒక బంగారు నాణెం కనుక, ఒక సీసా 250 రోజుల కూలి. అంత సొమ్మును గుటకలో మింగడానికి మనవాళ్లకు చేతులు రావు. పెళ్లినాటి వెండి కంచం బీరువాలో ఉంచి స్టీలు పళ్లెంలో తినే జాతి మనది. పైగా ఎగిరే మందు గంటసేపే పనిచేస్తుంది. మంచులో పాదలేపం కరిగిపోయి హిమాలయాల్లో చిక్కుకున్న ప్రవరుడి కథ విన్న తెలుగువాడు తిరుగు ప్రయాణానికి రెండో సీసా చేతిలో లేకుండా మొదటి సీసా మూత తీయడు. బావమరిది పాత ఫైటరు నాలుగు నిండు సీసాలతో చనిపోయాడు. అంత్యక్రియల కంటే ముందు వాటి పంపకం జరిగింది.

అందుకని, మెడికల్ షాపు మిత్రుడి సలహా మీద, ప్రతి సీసాకూ ఎక్స్‌పైరీ తేదీ పెట్టాను. కాలం చెల్లిన సరుకును ఆటలోని దుకాణదారు వెనక్కి తీసుకుని క్రెడిట్ నోట్ ఇవ్వాలని ఆయనే పట్టుబట్టాడు, నేను ఒప్పుకోలేదు. గడువు చివరి రోజున నలుగురు వీరులూ ఒక మర్రిచెట్టు కింద కూర్చుని, ఒంటిమీద గీత కూడా లేకుండా, అమ్మ చెప్పిన అరగంట ఎడం తప్పకుండా పాటిస్తూ, తలా ఏడేసి సీసాలు తాగారు. మూడు గంటలు పట్టింది. మిగిలిన ఒక్క సీసాను ఎవరికీ ఇవ్వలేక ఆడిటరు గారు "ఉండనీండి, ఎప్పటికైనా అక్కరకొస్తుంది" అని సంచిలో దాచారు.

అర్ధరాత్రి దాటాక ఓగర్ వచ్చాడు. ఫైటరు పడిపోయాడు. ఇక ప్రాణం కోసం వేసే పాచికల్లో మూడు ఓడితే అతను లేనట్టే. ఆడిటరు గారు సీసా తీశారు గాని, తేదీ మారిన సరుకును తన చేత్తో పోయనని విజార్డు వృత్తి ధర్మం చెప్పాడు. మన లెక్కలో రోజు సూర్యోదయంతో మారుతుందే గాని అర్ధరాత్రితో కాదని, కనుక తెల్లవారేదాకా గడువు ఉందని వకీలు గారు వాదించారు. పంచాంగం తెమ్మని మాస్టారింటికి మనిషిని పంపాము. మనిషి వెళ్లేలోగా మొదటి పాచిక ఓడింది. మాస్టారు కళ్లజోడు వెతుక్కుంటూ ఉండగా రెండోది ఓడింది. బావమరిది మిగిలిన పకోడీలు తింటూ, సూర్యోదయం ఎన్ని గంటలకో నింపాదిగా కనుక్కోమన్నాడు.