విండోస్ మీద హడూప్: ఒక సమర్థన

భారీ డేటాను అనేక కంప్యూటర్లకు పంచి నిల్వచేసి లెక్కకట్టే హడూప్ అనే సాఫ్ట్‌వేర్‌ను విండోస్ ల్యాప్‌టాప్ మీద నడపడం అవివేకమని, దానికి లినక్స్ సర్వర్లే తగినవని అనుభవజ్ఞులు కొందరు ఏళ్ల తరబడి ప్రచారం చేస్తూ వస్తున్నారు. వీరి మాటల్లో పాండిత్యం ఉంటే ఉండవచ్చు గాని, అమీర్‌పేటలో ఫీజు కట్టి, నాన్నగారు కొనిచ్చిన ల్యాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుని బిగ్ డేటా నేర్చుకోవడానికి కూర్చున్న కుర్రవాడి పట్ల కనికరం మాత్రం లేదు. అతనికి సర్వర్ల గది లేదు. ఉన్నది ఎనిమిది జీబీ ర్యామ్. అందులో సగం క్రోమ్ బ్రౌజర్‌కు ఇదివరకే దఖలు పడింది. మిగిలిన సగంలో ఒక క్లస్టర్‌ను, అంటే కలిసి పనిచేసే యంత్రాల సముదాయాన్ని, ప్రతిష్ఠించడం ఎంతటి సాధనో, దానివల్ల ఎంతటి విద్య అబ్బుతుందో నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం. హడూప్ సృష్టికర్తల్లో ఒకడైన డగ్ కటింగ్ తన కుమారుడి బొమ్మ ఏనుగు పేరునే ఈ సాఫ్ట్‌వేర్‌కు పెట్టాడు కనుక, అది ఇంట్లో ఆటవస్తువుగా ఉండడంలో శాస్త్రవిరుద్ధమేమీ లేదు.

ముందుగా సిద్ధాంతం చూద్దాం. చవక యంత్రాలు వందల సంఖ్యలో ఉంటాయని, వాటిలో రోజూ ఏదో ఒకటి చెడిపోతూనే ఉంటుందని హడూప్ నమ్ముతుంది. అందుకే ఫైలును 128 ఎంబీ బ్లాకులుగా కోసి, ఒక్కొక్క బ్లాకుకు మూడు ప్రతులు తీసి వేర్వేరు యంత్రాల్లో దాస్తుంది. 2008లో యాహూ సంస్థ 910 యంత్రాలను ఇలా కూర్చి ఒక టెరాబైటు డేటాను 209 సెకన్లలో క్రమపరిచింది. మనవాడు మాత్రం ఏ బ్లాకు ఎక్కడుందో గుర్తుంచుకునే నేమ్‌నోడ్, బ్లాకులను దాచే డేటానోడ్, పనులకు వనరులు పంచే రిసోర్స్ మేనేజర్, యంత్రంలో పనులు చూసుకునే నోడ్ మేనేజర్ అనే నాలుగు మూర్తులనూ ఒకే యంత్రంలో దర్శిస్తాడు. పైకి నాలుగుగా కనిపించినా ఉన్నది ఒక్కటేనన్న అద్వైతం కాన్ఫిగరేషన్ ఫైలులో లోకల్‌హోస్ట్, అంటే ఈ యంత్రమే, అని రాసిన క్షణంలోనే అతనికి సిద్ధిస్తుంది. మూడు ప్రతులనూ ఒకే డిస్కులో ఉంచడం పునరుక్తి దోషం కాబట్టి రెప్లికేషన్ విలువను, అంటే ప్రతుల సంఖ్యను, ఒకటికి తగ్గిస్తాడు. పెద్ద క్లస్టర్లలో ఒక యంత్రం పడిపోతే అది ఏదో వెతికి పట్టుకోవాలి. ఇక్కడ అన్నీ ఒకేసారి పడిపోతాయి కాబట్టి వెతుకులాట అనే ప్రసక్తే రాదు.

ఇక ఆచరణకు వస్తే, 2013 అక్టోబరులో వెలువడిన హడూప్ 2.2 విండోస్ మీద కూడా నడుస్తుందని అధికారికంగానే ప్రకటించారు. నడుస్తుందన్నారే గాని, నడవడానికి కావలసినవి కూడా ఇస్తామనలేదు. ఫైళ్ల మీద అనుమతులు చూడడం, మార్చడం వంటి యూనిక్స్ పనులను విండోస్‌లో చేసిపెట్టడానికి విన్‌యుటిల్స్ అనే చిన్న ప్రోగ్రాము కావాలి. హడూప్‌ను వెలువరించే అపాచీ సంస్థ వారు విడుదల చేసే కట్టలో అది ఉండదు. కావలసినవారు సోర్స్ కోడ్ తెచ్చుకుని, విజువల్ స్టూడియో, మేవెన్, సీమేక్, ప్రోటోకాల్ బఫర్స్ వగైరా ప్రోగ్రాము తయారీ సాధనాలన్నీ సమకూర్చుకుని స్వయంగా తయారుచేసుకోవచ్చు. అయితే విండోస్‌కు ఫైలు పాత్ 260 అక్షరాలు దాటితే మింగుడుపడదు కాబట్టి ఆ కోడ్‌ను సీ డ్రైవు మొదట్లోనే పొట్టి పేరున్న ఫోల్డరులో పెట్టుకోవాలి. ఇంత ఓపిక లేనివారు, అంటే అందరూ, ఊరూ పేరూ తెలియని పుణ్యాత్ముడెవరో కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో పెట్టిన ఎగ్జిక్యూటబుల్ ఫైలును డౌన్‌లోడ్ చేసుకుని, బ్యాంకు పాస్‌వర్డులున్న అదే యంత్రంలో అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడుపుతారు. మనిషి మీద మనిషికి నమ్మకం సన్నగిల్లిందని వాపోయేవారు ఈ దృశ్యాన్ని ఒకసారి చూసి ఊరట పొందాలి.

విన్‌యుటిల్స్ ఎక్కడుందో విండోస్ సెట్టింగుల్లో హడూప్ హోమ్ అనే వేరియబుల్‌లో చెప్పడం మరచిపోతే, ‘నల్’ అనే ఫోల్డరులోని ‘బిన్’లో ఆ ఫైలు కనబడలేదని తెర మీద ఎర్రర్ వస్తుంది. శూన్యాన్నే చిరునామాగా స్వీకరించి, అక్కడికి వెళ్లి వెతికి, దొరకలేదని నిజాయితీగా నివేదించే ఈ గుణం మన దఫ్తరాల్లో కూడా అలవడితే బాగుండును. దీనికన్నా సూక్ష్మమైనది జావా చిక్కు; హడూప్ నడవాలంటే జావా ఉండాలి. జావాను ఇన్‌స్టాల్ చేస్తే అది ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి వెళ్లి కూర్చుంటుంది; ఆ రెండు మాటల మధ్యనున్న ఖాళీని హడూప్ కమాండ్ ఫైళ్లు దాటలేవు. కనుక పాత్‌ను ‘ప్రోగ్రా’ తర్వాత టిల్డా, ఒకటి అంకె పెట్టి రాసుకోవాలి. విండోస్ 95 వచ్చి పొడవాటి పేర్లకు స్వేచ్ఛనిచ్చిన తర్వాత కూడా, భవిష్యత్ టెక్నాలజీ నేర్చుకోవడానికి వచ్చినవాడు డాస్ కాలపు ఎనిమిది అక్షరాల పేరుకు తిరిగి వెళ్లడం చరిత్ర పాఠం కూడా ఉచితంగా చెప్పినట్లే. విండోస్ కొన్ననాడు ఇంటిపేరుకూ పేరుకూ మధ్య ఖాళీ వదిలి ముచ్చటగా యూజర్ అకౌంటు తెరిచినవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు. వారు పేరు మార్చుకోవాలి.

అనుమతుల ఘట్టం మరీ రసవత్తరం. హడూప్‌తో కలిసి పనిచేసే డేటా సాధనాలైన హైవ్‌తోనో స్పార్క్‌తోనో పని మొదలుపెట్టగానే, టెంప్ కింద ఉన్న హైవ్ ఫోల్డరులో రాయడానికి తగిన హక్కులు లేవని అది మొరాయిస్తుంది. అప్పుడు విన్‌యుటిల్స్ చేత ఆ ఫోల్డరుకు 777 ఇప్పించాలి, అంటే యజమానికీ అతని బృందానికీ దారినపోయేవారికీ చదివే, రాసే, నడిపే హక్కులన్నీ సమానంగా పంచాలి. ఇంత ఉదారమైన పథకాన్ని ఏ ప్రభుత్వమూ ఇంతవరకు ప్రకటించలేదు.

ఇవన్నీ గట్టెక్కితే మూర్తికొకటి చొప్పున నాలుగు నల్లని కిటికీలు తెరుచుకుంటాయి. పొరపాటున వాటిలో ఒకదాన్ని ఇంటూ గుర్తు నొక్కి మూసేస్తే క్లస్టర్‌లో నాలుగోవంతు పరమపదిస్తుంది. రాత్రి వాటిని అలాగే వదిలి పడుకుంటే, తెల్లవారేసరికి విండోస్ అప్‌డేట్ యంత్రాన్ని రీస్టార్ట్ చేసి ఉంటుంది. మర్నాడు డేటానోడ్ లేవదు. క్లాసు నోట్సులో ఇందుకు విరుగుడు ఒక్కటే ఉంటుంది: నేమ్‌నోడ్‌ను ఫార్మాట్ చేయి. చేయగానే నేమ్‌నోడ్‌కు కొత్త క్లస్టర్ ఐడీ పుడుతుంది, డేటానోడ్ దగ్గర పాతదే ఉండిపోతుంది, రెండూ కలవడం లేదని డేటానోడ్ ఈసారి పూర్తిగా అలిగి కూర్చుంటుంది. దాని ఫోల్డరును కూడా తుడిచేస్తేనే కథ మళ్లీ మొదటికొస్తుంది. ఈ విధంగా మన విద్యార్థి స్నానసంధ్యల వలె ప్రతి ఉదయం డేటానంతా చెరిపివేసి, డేటా ఇంజినీరుగా రాణించడానికి అర్హత సంపాదిస్తాడు.

తుదకు వర్డ్ కౌంట్ నడుస్తుంది. నాలుగు వాక్యాల టెక్స్ట్ ఫైలులో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించడానికి ఫ్యాన్ హోరెత్తుతుంది, ఒళ్లు కాలుతుంది, లెక్కలోని రెండు దశలు ఎంతవరకు వచ్చాయో చూపే మ్యాప్ సున్నా శాతం రెడ్యూస్ సున్నా శాతం అన్న పంక్తి దగ్గర కాలం ఆగుతుంది. మైక్రోసాఫ్ట్, యాహూల విశ్లేషణ క్లస్టర్లలో సగం పనులకు డేటా 14 జీబీ లోపే ఉంటోందని మైక్రోసాఫ్ట్ పరిశోధకులే 2012లో చూపించారు. అంత డేటా ఒక్క యంత్రానికి లెక్కలోది కాదు కాబట్టి ఇది మా పక్షానికి గట్టి ఆధారమే. అయితే అలాంటి పనులకు క్లస్టరే అవసరం లేదన్నది వారి తాత్పర్యం కావడం వల్ల మేము దాన్ని సగం వరకే ఉటంకిస్తాం.

విచారకరమైన విషయమేమిటంటే, విండోస్‌ను కన్నవారే ఈ ధర్మాన్ని విడిచిపెట్టారు. మైక్రోసాఫ్ట్ హడూప్‌ను ఇంటర్నెట్ ద్వారా అద్దెకిచ్చే తన హెచ్‌డీఇన్‌సైట్ సేవలో విండోస్ క్లస్టర్లను 2018 జూలై 31తో ముగించి, లినక్స్ క్లస్టర్లను మాత్రమే ఉంచుకుంది. రాజును మించిన రాజభక్తితో మేమింకా నిలబడి ఉన్నాం. దానికితోడు విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్ అనే దొడ్డిదారిని కూడా వారే తెరిచారు. అందులో ఉబుంటు అనే లినక్స్ వేసుకుంటే విన్‌యుటిల్స్ అక్కరలేదు, టిల్డా అక్కరలేదు, ఖాళీల బాధ లేదు. జావా పెట్టి, కట్ట విప్పి, నాలుగు ఫైళ్లు దిద్దితే పూట తిరగకుండా హడూప్ లేచి కూర్చుంటుందట. ఈ పద్ధతిని శిక్షణ సంస్థలు దగ్గరికి రానివ్వకూడదని మా గట్టి అభిప్రాయం. ఇన్‌స్టలేషన్ మొదటిరోజే అయిపోతే, మిగిలిన కోర్సంతా వారు హడూప్ చెప్పవలసివస్తుంది.