అలకపాన్పెక్కిన ఆస్కార్

రెండు వందల లీటర్ల అక్వేరియం అంటే అక్వేరియాల్లో మధ్యతరగతి. చిన్న చేపలు వేస్తే వెలితిగా ఉంటుంది, పెద్ద చేపను వేస్తే ఇరుకవుతుంది. నీళ్లే 200 కిలోలు, అద్దాలూ ఇసుకా అదనం. ఒకసారి నింపాక జరపాలన్న ఆలోచనే రాకూడదు. అలాంటి ట్యాంకు ఇంట్లో దిగగానే పుట్టే కోరిక ఒకటుంది: గుంపెందుకు, మనిషిని గుర్తుపట్టే సిక్లిడ్ కుటుంబపు పెద్ద చేప ఒక్కటి చాలు అని. కోరిక మంచిదే. మేత వేసే మనిషి గదిలోకి రాగానే అద్దం దగ్గరికి పరుగెత్తుకొచ్చి, తరతరాలుగా పస్తున్నట్టు మొహం పెట్టడంలో సిక్లిడ్‌ను మించిన చేప లేదు.

మా బావగారికి ఆ కోరిక పుట్టింది. ఆయన కొలతలు లేనిదే ఏ పనీ మొదలుపెట్టరు. ట్యాంకు పొడవు 122 సెంటీమీటర్లు, ఎత్తు 53 అని రాసుకున్నారు. వెడల్పు మాత్రం కొలవలేదు. "చేప పొడవునా ఈదుతుంది గానీ, అడ్డంగా ఈదుతుందటోయ్?" అన్నారు. అని, ఆస్కార్ అనే సిక్లిడ్ పిల్లను, వేలెడంతదాన్ని, తెచ్చారు.

ఆ వయసు ఆస్కార్‌ను చూసి వద్దనగలిగిన మనిషి ఉండడు. అమెజాన్ నీళ్లలో పుట్టిన జాతి, నల్లటి ఒంటి మీద నిప్పుల్లాంటి చారలు, మన మాటలు వింటున్నట్టే చూపు. "ఎంత పెరుగుతుందండీ?" అని అక్క అడిగింది. "ట్యాంకు ఎంతుంటే అంతే. చేపలకా జ్ఞానం ఉంటుంది" అన్నారు బావగారు.

చేపకు ఆ ఒప్పందం సంగతి ఎవరూ చెప్పలేదు. నీళ్లు పాడై గిడసబారితే వేరే విషయం. దాన్ని జ్ఞానం అనరు, జబ్బు అంటారు. ఆరోగ్యంగా ఉన్న ఆస్కార్ ఏడాది తిరిగేసరికి 25 సెంటీమీటర్లు దాటగలదు, ఆపైన 30, 35 దాకా పోతుంది. తర్వాత అక్క టేపు పట్టుకుని కొలిస్తే ట్యాంకు వెడల్పు 33 తేలింది. ముందుకు పోవడానికి పొడవు చాలు, వెనక్కి తిరగాలంటే వెడల్పే కావాలి. బావగారి లెక్కలో ఆ చేప ఒకసారి అటు వెళ్తే ఇక అటే.

తిరగడం దాకా పోకముందే అది ఇల్లు సర్దడం మొదలుపెట్టింది. అక్క ముచ్చటపడి నాటిన మొక్కలన్నీ పెరికి పైకి తేల్చింది. మళ్లీ నాటితే మళ్లీ పెరికింది, ఈసారి ఆమె చూస్తుండగానే. ఇసుకను నోటితో తోడి ఒక మూలకు చేర్చింది. హీటరు సక్షన్ కప్పులు ఊడేదాకా దాన్ని పొడిచింది. "పాపం, తోడు లేక" అని బావగారు నియాన్ టెట్రాలు తెస్తానన్నారు. మూడున్నర సెంటీమీటర్ల టెట్రా ఆస్కార్‌కు తోడు కాదు, మేత. సిక్లిడ్ల గొంతులో ఇంకో జత దవడలుంటాయి. పరిచయాలన్నీ అక్కడే ముగుస్తాయి.

తిండి ఎక్కువైతే అమోనియా ఎక్కువ. దాన్ని ఫిల్టరులోని బ్యాక్టీరియా నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తుంది. ఆ నైట్రేటు మాత్రం బకెట్ ఎత్తితేనే పోతుంది. అందుకని వారానికోసారి పాతిక శాతం నీళ్లు మార్చడం బావగారి నడుముకు రాసిపెట్టి ఉంది. అలా మార్చిన ఒక ఆదివారం, పనిలో పనిగా రాళ్లు కూడా కొత్తగా అమర్చారు. చెయ్యి తుడుచుకుని చూస్తే చేప అడుగున పక్కకు ఒరిగి పడుంది.

ఇల్లంతా ఏడుపు మొహాలు. బావగారు "నా చేతులతో నేనే..." అంటూ కూలబడ్డారు. నేను మొప్పలు కదులుతున్నాయని చెప్పబోతే, "నన్ను ఓదార్చకు" అన్నారు. చివరికి గుండె దిటవు చేసుకుని వల తెచ్చి, కళ్లు సగం మూసుకుని నీళ్లలో దించారు. చేప కన్ను మాత్రం తిప్పి వలను చూసింది. తర్వాత ఏం జరిగిందో ఎవరం సరిగా చూడలేదు. వల అటకెక్కినంత పని చేసింది, బావగారు నెత్తి నుంచి పాదాల దాకా తడిశారు, చేప ట్యాంకు మధ్యలో నిలబడి మొక్కలేమైనా మిగిలాయా అని వెతుకుతోంది. సామాను జరిపితే ఆస్కార్లు ఇలా అలిగి పడుకోవడం మామూలే. మా అక్క దాన్ని చూసి, తర్వాత బావగారిని చూసి, "సరిపోయారు" అంది.

ఆ ఆస్కార్‌ను రెండడుగుల వెడల్పు ట్యాంకున్న స్నేహితుడికి ఇచ్చేశారు. రెండో ఎంపికకు టేపు అక్క చేతిలోకి మారింది. నికరాగ్వా సరస్సుల రెడ్ డెవిల్ 30 దాటుతుంది, అద్దం అవతలి మనిషి మీదికీ వస్తుంది, వద్దు. ఫ్లవర్‌హార్న్ మనుషులు సంకరం చేసి పుట్టించిన జాతి, తల మీద బుడిపె ఒక్కటే ట్యాంకులో సగం ఆక్రమించేలా ఉంది, వద్దు. ఫైర్‌మౌత్ 15 సెంటీమీటర్లే. ఎర్రటి గొంతు ఉబ్బించి తెగ బెదిరిస్తుంది, పిట్ట కొంచెం కూత ఘనం. బావగారికి అది పెద్ద చేపగా ఆనలేదు. 20 సెంటీమీటర్ల సెవెరం సాధువు, నా ఓటు దానికే. కానీ అది మొక్కల్ని పెరకదు, తినేస్తుంది. అక్క ఒప్పుకోలేదు.

చివరికి మధ్య అమెరికా జాక్ డెంప్సీ దగ్గర రాజీ కుదిరింది. 20 నుంచి 25 సెంటీమీటర్లు, 33లో హాయిగా తిరుగుతుంది. 1919 నుంచి 1926 దాకా ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్‌గా ఉన్న అమెరికన్ బాక్సర్ పేరు దానికి పెట్టారు. ఆ ముక్క వినగానే బావగారు ఛాతీ విరిచి, చూడ్డానికి రమ్మని చుట్టాలందరికీ ఫోన్లు చేశారు.

డెంప్సీ పిల్లలకు బెదురెక్కువ. బాక్సర్‌గారు దిగీ దిగగానే ఫిల్టరు గొట్టం వెనక్కి దూరారు. చుట్టాలు వచ్చారు, వరసగా కూర్చున్నారు, బావగారు వాడి పంచ్ గురించి చాలాసేపు చెప్పారు. అంతా విన్నాక వాళ్లలో పెద్దాయన ట్యాంకును తేరిపార చూసి అన్నాడు:

"భలే ఉందోయ్. ఇంతకీ చేపను ఎప్పుడు వేస్తారు?"